పెరటిలో పొగబండి

తాను చూచిన ప్రపంచాన్ని చిన్నదిగా మలచి కళ్ళెదుట నిలుపుకోవాలనే కోరిక మానవునికి చాలా ప్రాచీనమైనది. దసరాకు, సంక్రాంతికి మన ఇళ్ళలో మెట్లు మెట్లుగా తీర్చే బొమ్మల కొలువు ఆ కోరికకు ప్రతిరూపం. దేవతలు, పెళ్ళి ఊరేగింపు, అంగడి, పొలం దున్నే రైతు అందులో ఒక్కచోట చేరుతారు. పండుగ ముగియగానే ఆ బొమ్మలన్నీ మళ్ళీ పెట్టెలోకి చేరుతాయి. అటువంటి కొలువు ఇంటి పెరటిలోకి దిగి, ఎండకూ వానకూ ఓర్చి, ఏడాది పొడవునా నిలిచి ఉంటే, అందులో ఒక చిన్న రైలు కూత వేస్తూ మొక్కల నడుమ తిరుగుతూ ఉంటే, దానినే 'గార్డెన్ రైల్వే' అంటారు. తెలుగులో 'ఉద్యాన రైలు' అనుకోవచ్చు. ఐరోపా, అమెరికా దేశాలలో ఇది ఎందరికో ప్రీతిపాత్రమైన అభిరుచి.

నమూనా రైళ్ళు అనేక పరిమాణాలలో ఉంటాయి. పూణే నగరంలో 1998లో ప్రారంభమైన జోషి సూక్ష్మ రైలు ప్రదర్శనశాలలో అసలు రైలులో 87వ వంతు ఉండే రైళ్ళు గదిలోనే నడుస్తాయి. అంత చిన్నవి ఆరుబయట నిలువలేవు. ఒక ఎండుటాకు అడ్డుపడినా పట్టాలు తప్పుతాయి. అందుచేత తోటలో నడిచే రైళ్ళు పెద్దవిగా, దృఢంగా ఉండాలి. జర్మనీలోని న్యూరెంబర్గుకు చెందిన లేమన్ సంస్థ 1968లో ఎల్.జి.బి. అనే పేరుతో ఇటువంటి రైళ్ళను విడుదల చేసింది. వాటి పట్టాల నడుమ దూరం 45 మిల్లీమీటర్లు. కొన్ని ఇంజన్లు పట్టాల గుండా వచ్చే స్వల్ప విద్యుత్తుతో, కొన్ని బ్యాటరీతో నడుస్తాయి. మరికొన్నింటిలో నిజంగానే నీరు మరిగి, ఆవిరి పుట్టి, చక్రాలు తిరుగుతాయి.

ఈ అభిరుచి కలవారు ఎక్కువగా నమూనాకు ఎన్నుకొనేది మహానగరాల మధ్య పరుగులు తీసే రైళ్ళను కాదు. పల్లెల నడుమ మెల్లగా సాగే సన్నపట్టాల రైళ్ళను. అటువంటి రైలు మన శ్రీకాకుళం సీమలోనే ఉండేది. హౌరా - మద్రాసు ప్రధాన మార్గంలోని నౌపడా నుండి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వరకు ఆ సంస్థానాధీశుడు గౌరచంద్ర గజపతి సుమారు 7 లక్షల రూపాయల వ్యయంతో రైలుమార్గం వేయించాడు. అది 1900లో ప్రారంభమైంది. 1931 నాటికి వంశధార తీరంలోని గుణుపురం వరకు విస్తరించి, మొత్తం 90 కిలోమీటర్ల మార్గమయింది. పట్టాల నడుమ దూరం రెండున్నర అడుగులు మాత్రమే. తొలి సంవత్సరాలలో నష్టాలనే చవిచూచినా, క్రమంగా లాభాల బాట పట్టింది. 2004 జూన్‌లో ఆ చిన్న రైలు ఆగిపోయింది. పట్టాలు మార్చిన తరువాత 2011 నుండి అదే దారిలో పెద్ద రైళ్ళు నడుస్తున్నాయి. ప్రజలకు సౌకర్యం పెరిగింది. ఒక రూపం మాత్రం కనుమరుగయింది. ఆ రూపాన్ని మళ్ళీ చూడదలచిన వారికి ఉద్యాన రైలు ఒక మార్గం.

దానిని నిర్మించాలంటే మొదట కావలసినది లెక్క. రెండున్నర అడుగులంటే 762 మిల్లీమీటర్లు. తోట రైళ్ళకు వాడే మరొక కొలత అయిన 32 మిల్లీమీటర్ల పట్టాలను తీసుకుంటే, మన నమూనా అసలు రైలులో 24వ వంతు అవుతుంది. ఆ లెక్కన అయిదున్నర అడుగుల ప్రయాణికుడు 7 సెంటీమీటర్ల బొమ్మ అవుతాడు. వంద మీటర్ల ప్లాట్‌ఫారం నాలుగు మీటర్లకు మించుతుంది. మొత్తం మార్గాన్ని అదే కొలతలో వేస్తే మూడుముక్కాలు కిలోమీటర్లు కావాలి. ఏ పెరడూ దానికి చాలదు. కాబట్టి ఒక స్టేషను, ఒక వంతెన, ఒక మలుపు మాత్రమే ఎన్నుకోవాలి. ఏది ఉంచాలో, ఏది విడువాలో తెలియడమే ఈ కళలో మొదటి పాఠం.

ఇక వ్యయం సంగతి. విదేశీ సంస్థల ఇంజను, రెండు పెట్టెలు, ఒక పట్టాల వలయం గల ప్రారంభపు సామగ్రికే పదుల వేల రూపాయలవుతాయి. నిజమైన ఆవిరితో నడిచే ఇంజను ధర లక్ష దాటడం సాధారణం. రవాణా ఖర్చు, దిగుమతి సుంకం దీనికి అదనం. కొన్న తరువాత కూడా ఖర్చు ఆగదు. ఎండకు పట్టాలు సాగుతాయి గనుక అతుకుల వద్ద సందు విడువాలి. వానకు కంకర కొట్టుకొని పోతుంది. మన తీరప్రాంతపు ఉప్పుగాలికి లోహం త్వరగా మాసిపోతుంది. 2018 అక్టోబరులో పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడిమామిడి తోటలనే నేలకూల్చింది. చిటికెన వేలంత స్తంభాలు దానికి ఎంత? కావున రైలును, విలువైన బొమ్మలను ఆట ముగిసిన వెంటనే ఇంటిలోకి చేర్చుకోవాలి. ధనంతో పాటు నిత్యమూ కొంత కాలాన్ని కూడా ఈ అభిరుచి కోరుతుంది.

మన పూర్వులు రాజులు విడువవలసిన సప్తవ్యసనాలలో 'అర్థదూషణం' అనే దానిని చేర్చారు. ధనాన్ని వృథాగా వ్యయం చేయడమని దానికి అర్థం. గ్వాలియరు రాజప్రాసాదంలో భోజనబల్ల మీద అతిథులకు పానీయాలు అందించే వెండి రైలు ప్రసిద్ధమైనది. దానిని చూచి అబ్బురపడతాము, అనుకరించలేము. అయితే ఉద్యాన రైలు సంపన్నులకే పరిమితమా? ఈ ప్రశ్నకు సమాధానం అందులోని భాగాలను విడదీసి చూస్తే తెలుస్తుంది. ధర పలికేవి ఇంజను, పట్టాలు. తక్కిన స్టేషను, వంతెన, గుడి, ఇళ్ళు, మనుషులు, చెట్లు, కొండలు అన్నీ చేతితో చేసుకోదగినవే. చూచేవారి మనస్సును పట్టి నిలిపేవి కూడా అవే.

ఆ పనికి మన ప్రాంతంలో కొరత లేదు. విశాఖ సీమలోని ఏటికొప్పాక కళాకారులు అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కరంగులు అద్ది బొమ్మలు చేస్తారు. విజయనగరం సీమలో బొబ్బిలి వీణను పనస మొద్దు నుండి తొలుస్తారు. శ్రీకాకుళం సీమలోని బుడితిలో కంచు, ఇత్తడి పాత్రలు పోత పోస్తారు. అటువంటి కళాకారుల వద్ద కూర్చుని పని చూచిన విద్యార్థికి కర్ర ఎలా లొంగుతుందో, లోహం ఎలా కరుగుతుందో తెలుస్తుంది. తులసి, మరువం వంటి చిన్న ఆకుల మొక్కలు కత్తిరించి పెంచితే ఆ లోకంలో మహావృక్షాలవుతాయి. ఒక గుండ్రాయి మహేంద్రగిరి అవుతుంది. నౌపడా ఉప్పుమడులను చూపడానికి మాత్రం నిజమైన ఉప్పును వాడరాదు; అది పట్టాలను తినివేస్తుంది. చలువరాతి పొడి చాలును.

ఇంతటి శ్రమలో ఆకర్షణ ఏమున్నది? మొదటిది, ఇందులో అనేక విద్యలు కలుస్తాయి. నిష్పత్తి గణితం నుండి, ఆవిరిశక్తి భౌతికశాస్త్రం నుండి, మొక్కల పోషణ వృక్షశాస్త్రం నుండి, మార్గపు కథ చరిత్ర నుండి వస్తాయి. నూరు సెంటీమీటర్ల పొడవులో రెండు మూడు సెంటీమీటర్లకు మించి ఎత్తు పెరిగితే చిన్న ఇంజను బరువు లాగలేదని పట్టా వేసినవాడు స్వయంగా గ్రహిస్తాడు. రెండవది, ఇది ఒంటరి ఆట కాదు. తాతగారు తాను ఎక్కిన రైలు గురించి చెబుతారు, తండ్రి రంపం పడతాడు, తల్లి మొక్కలను తీర్చుతుంది, పిల్లలు పచ్చజెండా ఊపుతారు. మూడవది జ్ఞాపకం. సన్నపట్టాల రైలులో ప్రయాణించినవారు మన పల్లెలలో ఇంకా ఉన్నారు. ఏ స్టేషను ముందు ఏ చెట్టు ఉండేదో, పెట్టెలకు ఏ రంగు ఉండేదో వారిని అడిగి వ్రాసుకోవడం ఈ అభిరుచిలో ఖర్చులేని భాగం. ఆలస్యం చేస్తే తిరిగి దొరకని భాగం కూడా అదే.

కనుక ఆసక్తిగల విద్యార్థి కొనుగోలుతో ప్రారంభించనక్కరలేదు. ముందుగా ఒక చిన్న స్టేషను కొలతలు, పాత ఛాయాచిత్రాలు సేకరించి, 24వ వంతు పటం గీయాలి. అట్టతో ఒకసారి, కర్రతో మరొకసారి ఆ కట్టడాన్ని నిర్మించాలి. పెరడు లేనివారికి మేడమీది రెండు మూడు మట్టి తొట్లు చాలును. ఇంజను కొనడం సంపాదన మొదలైన తరువాత, ఇంటి అవసరాలు తీరిన తరువాత ఆలోచించవలసిన విషయం. మరిగే ఆవిరి ఇంజనును పెద్దల పర్యవేక్షణలోనే నడపాలి.

అప్పు చేసి కొన్న ఇంజను వ్యసనానికి గుర్తు. తీరిక వేళలలో చెక్కిన స్టేషను అభిరుచికి గుర్తు. మొదటిది మనిషి ధనాన్ని హరిస్తుంది. రెండవది అతని చేతికి నేర్పును, మనస్సుకు ఓర్పును ఇస్తుంది. నౌపడా - గుణుపురం చిన్న రైలు ఇక పట్టాలపైకి రాదు. కాని దాని స్టేషను ఒకటి మన పెరటిలో తులసి నీడన వెలిస్తే, రైలు రాకముందే ఆ ప్రయాణపు కథ ఇంటివారందరి నోట పలుకుతుంది.