కుష్ఠువ్యాధి క్రొత్తగా ఎందరికి వచ్చుచున్నది?

గూడెం కొత్తవీధి మండలములో గ్రామములు కొండల నడుమ దూరదూరముగా ఉన్నవి. అట్టి గ్రామములో ఒకని వీపుమీద పాలిపోయిన మచ్చ పుట్టినదనుకొందము. దురద లేదు, నొప్పి లేదు, గిల్లినను తెలియదు. పోడు పనియు కాఫీతోట పనియు ఎప్పటివలెనే సాగుచున్నవి. ఇక ఆస్పత్రికి నడచిపోవలసిన అవసరమేమి? కుష్ఠువ్యాధి లెక్కలలోని చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొనిన ఈ వ్యాధి సూక్ష్మజీవి మిక్కిలి మెల్లగా వృద్ధి పొందును. అది సోకిన పిమ్మట లక్షణములు కనబడుటకు సగటున 5 ఏండ్లు, ఒక్కొక్కప్పుడు 20 ఏండ్లు కూడ పట్టును. కలరా వచ్చిన నాడు ఇంటివారందరికి తెలియును. ఈ వ్యాధి మొదలైన నాడు రోగికే తెలియదు. వైద్యునికి తెలిసినది తాను కనుగొనిన తేది మాత్రమే. కావున ఏటేట క్రొత్తగా కనుగొనబడిన వారి సంఖ్యను లక్ష జనాభాకు లెక్కించి, క్రొత్తగా వ్యాధి వచ్చినవారి సంఖ్యకు బదులుగా దానినే వాడుచున్నారు.

చికిత్స పొందుచున్నవారి పట్టిక చూచిన చాలదా? చాలదు. వారపు సంతలో మధ్యాహ్నము తలలు లెక్కించినచో వచ్చు సంఖ్య, ఎందరు వచ్చిరను దానిపైననే కాక, ఒక్కొక్కరు ఎంతసేపు ఉండిరను దానిపైన కూడ ఆధారపడును. డాప్సోన్ ఒక్కటే మందుగా ఉన్న రోజులలో రోగుల పేర్లు ఏండ్ల తరబడి పట్టికలో ఉండెడివి. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులను కలిపి ఇచ్చు చికిత్సను సిఫారసు చేసినది. నేడది 6 లేక 12 నెలలలో ముగియుచున్నది. పట్టిక చిక్కిపోయినది. 2005 డిసెంబరు నాటికి దేశము మొత్తముమీద పదివేలమందికి ఒక రోగికన్న తక్కువైనది. గొప్ప విజయమే, కాని సంతలో నిలుచువారు తగ్గినంతమాత్రమున వచ్చువారును అంతగా తగ్గిరనుకొనరాదు.

ఒక చిన్న లెక్క వేసి చూతము. 50 వేల జనాభాలో ఏటేట 10 మందికి వ్యాధి మొదలగుచున్నదనియు, ప్రతివాడును రెండేండ్ల తరువాత బయటపడుచున్నాడనియు అనుకొందము. అప్పుడు గ్రామములలో ఎల్లప్పుడును 20 మంది గుప్తముగా ఉందురు. ఒక ఏడు కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగినచో ఆ 20 మందియు ఒక్కమారే పట్టికకు ఎక్కుదురు. వ్యాధి విజృంభించినదని పై అధికారులు కంగారుపడుదురు. తరువాతి రెండేండ్లు ఎవరును తిరుగకున్నచో క్రొత్తవారు దాదాపు కనబడరు, అందరును సంతోషింతురు! నిజముగా వ్యాధి మాత్రము ఏటికి పదిమంది చొప్పుననే వచ్చుచున్నది.

ఇది ఊహామాత్రము కాదు. 2019లో ప్రపంచమున రెండు లక్షలకు పైగా క్రొత్త రోగులు కనుగొనబడిరి. కోవిడ్ వలన వెదకుట కుంటుపడిన 2020లో ఆ సంఖ్య సుమారు లక్షా ఇరువది యెనిమిది వేలకు పడిపోయినది. ఒక్క ఏటిలో వ్యాధి అంతగా తగ్గు మార్గము లేదు.

అందుచేత నిపుణులు మరి రెండు విషయములు చూతురు. కనుగొనబడునాటికే వ్రేళ్ళు వంకరపోవుట వంటి కంటికి కనబడు వైకల్యము ఎందరిలో ఉన్నది? ఎక్కువమందిలో ఉన్నచో, వ్యాధి ఆలస్యముగా బయటపడుచున్నదన్నమాట. రోగులలో పదునైదేండ్లలోపు పిల్లలెందరు? పిల్లలకు వచ్చినదనగా వ్యాధి ఇటీవలనే, బహుశః దగ్గరివారినుండియే, సోకినదన్నమాట.

అందువలన ఒక రోగి దొరికిన ఇంటిలో తక్కినవారిని కూడ పరీక్షింతురు. మచ్చ కనబడినచో కండ్లు మూయించి, దూదిపోగుతో తాకి, తాకినచోటును వ్రేలితో చూపుమందురు.