హాకాకు చప్పట్లు, జాతీయగీతానికి అభ్యంతరం

1999 అక్టోబరులో లండన్‌లోని ట్వికెన్‌హామ్ మైదానంలో రగ్బీ ప్రపంచకప్ మ్యాచ్. ఇంగ్లండ్‌తో న్యూజిలాండ్ పోటీ. న్యూజిలాండ్ జాతీయగీతం పాడేందుకు వచ్చిన గాయని హీనేవెహి మోహి, గీతాన్ని ఆ దేశపు మూలవాసుల భాష మావోరీలో మాత్రమే పాడారు. అంతే, స్వదేశంలో దుమారం రేగింది. జాతీయగీతం అందరికీ అర్థమయ్యే భాషలో ఉండొద్దా అని నిలదీశారు.

ఆమె పాడిన పాఠం కొత్తదేమీ కాదు. 1878లోనే ఆ గీతానికి మావోరీ అనువాదం వచ్చింది. ఇంకో సంగతి గమనించాలి. ఆట మొదలయ్యే ముందు ఆ జట్టు హాకా అనే మావోరీ నృత్యం చేస్తుంది. అందులోని మాటలూ మావోరీవే. దానికి దేశమంతా రోమాంచితమవుతుంది. వినోదంగా ఉన్నంతసేపూ ముద్దొచ్చే భాష, దేశం తరఫున గొంతు విప్పేసరికి పరాయిదైపోయింది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ఈ పరాయితనం ఎలా వచ్చిందో చరిత్ర చెబుతుంది. 1867 నాటి చట్టం మావోరీ పిల్లల బడుల్లో ఇంగ్లీషు బోధనను రుద్దింది. తర్వాతి తరాల్లో మావోరీ మాట్లాడినందుకు దెబ్బలు తిన్న పిల్లలెందరో. వాళ్లు పెద్దవాళ్లై, తమ బాధ బిడ్డలకు వద్దనుకుని ఇంట్లోనూ ఆ భాష మానేశారు. నాలుగు తరాలు తిరిగేసరికి భాష అవ్వాతాతల దగ్గరే మిగిలింది.

మావోరీని బడుల్లో నేర్పాలంటూ 1972లో 30 వేలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు వినతిపత్రం వెళ్లింది. పదేళ్లకు, పసిపిల్లలు ఆ అవ్వాతాతల ఒడిలో భాష నేర్చుకునే 'కోహంగా రేయో' కేంద్రాలు మొదలయ్యాయి. 1984లో ఆక్లాండ్ టెలిఫోన్ ఆపరేటర్ నైదా గ్లావిష్, ఫోన్ చేసినవారిని మావోరీలో 'కియా ఓరా' అని పలకరించారు. పైవాళ్లు వద్దన్నా ఆమె ససేమిరా అన్నారు. ఆ సీటు నుంచి తప్పించారు. జనం ఆమె వైపు నిలిచారు. విమాన పైలట్లు సైతం ప్రయాణికులను అలాగే పలకరించసాగారు. వ్యవహారం అప్పటి ప్రధాని రాబర్ట్ మల్డూన్ దాకా వెళ్లాక ఆమె ఉద్యోగం ఆమెకు దక్కింది. 1987లో మావోరీ అధికార భాష అయింది. మోహి పాడిన తర్వాత గీతాన్ని రెండు భాషల్లోనూ పాడటం ఆనవాయితీ అయింది. దేశమేమీ ముక్కలు కాలేదు.

పోరు ముగిసిందనీ కాదు. ప్రభుత్వ శాఖల పేర్లలో ఇంగ్లీషే ముందుండాలని 2023లో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం తేల్చింది.

మనవైపు చూద్దాం. 2009లో కడప జిల్లా మైదుకూరులోని ఒక బడిలో, తెలుగులో మాట్లాడారని పిల్లల మెడలో పలకలు వేలాడదీశారు. ఇక మీదట తెలుగు మాట్లాడనని ఇంగ్లీషులో రాసిన పలకలవి. ఏ వలస పాలకుడూ చేయించలేదు. మన ఊళ్లో మన టీచర్లే చేశారు. అమెరికా బస్సుల్లో తెలుగులో మాట్లాడబోయిన బిడ్డను 'మెల్లగా, ఎవరైనా వింటారు' అని వారించే తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. అక్కడ వాళ్లు కొత్తవాళ్లు. మైదుకూరులో ఎవరికి భయపడ్డాం?

ఇంగ్లీషు నేర్పండి, బాగా నేర్పండి. కానీ మీ పిల్లల బడిలో తెలుగు మాట్లాడితే శిక్షో జరిమానానో ఉందేమో ఈ వారమే అడగండి. ఉంటే ఎత్తేయమని నలుగురు తల్లిదండ్రులు కలిసి అర్జీ రాసివ్వండి.