బావిలో పడిన వన్యప్రాణి కోసం ప్రాణాలకు తెగించాలా?

చిత్తూరు: తెల్లవారుజామున తోటకు వెళ్లిన రైతుకు బావిలో నుంచి ఏనుగు ఘీంకారం వినిపిస్తే ఏం చేయాలి? కౌండిన్య అభయారణ్యం చుట్టుపక్కల గ్రామాలకు ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. 2022 నవంబరులో బంగారుపాళెం మండలంలో ఓ ఏనుగు వ్యవసాయ బావిలో పడిపోయింది. జేసీబీతో గట్టును తవ్వి దారి చేయగా అది పైకెక్కి అడవి బాట పట్టింది.

ఇలాంటి కబురు తెలియగానే ఊరంతా బావి వద్దకు పరుగు తీస్తుంది. జాలిపడి తాళ్లు తెచ్చేవారు, నిచ్చెన వేసి దిగబోయేవారూ ఉంటారు. వారి మంచితనాన్ని శంకించనక్కర్లేదు. అయితే తనను కాపాడవచ్చిన మనిషికీ, తరిమికొట్టవచ్చిన మనిషికీ తేడా ఆ ప్రాణికి తెలియదు. భయంతో ఉన్న ఎలుగుబంటి గానీ, చిరుత గానీ చేతికందిన వారిపై విరుచుకుపడుతుంది. పడింది గున్న అయితే తల్లి, మంద సమీపంలోనే పొంచి ఉంటాయి. చుట్టూ మూగిన జనం కేకలకు బెదిరి, పైకి రాగలిగిన జంతువు కూడా గోడలను ఢీకొని అలసి ప్రాణం విడిచే ప్రమాదముంది.

మత్తుమందుతోనూ ముప్పే

తుపాకీతో మత్తుమందు ఇస్తే పని అయిపోతుందన్న అభిప్రాయం గ్రామాల్లో బలంగా ఉంది. మందు పనిచేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆలోగా జంతువు నీటిలో ఉంటే, స్పృహ తప్పి మునిగిపోతుంది. 2023 ఏప్రిల్‌లో కేరళలోని తిరువనంతపురం జిల్లా వెళ్లనాడులో బావిలో పడిన ఎలుగుబంటి ఇలాగే, మత్తు ఇచ్చిన తరువాత నీట మునిగి చనిపోయింది. నిపుణులకే తప్పని పొరపాటు ఇది. ఇక తాడు చేతబట్టిన గ్రామస్థుని సంగతి చెప్పనవసరం లేదు.

మనిషి దిగకుండానే చేయదగిన పనులు అనేకం. చిరుత పడితే నులకమంచాన్ని నాలుగు తాళ్లతో కిందికి దించి నీటిపై నిలిపితే, అది దానిపై కూర్చుని సేద తీరుతుంది. ఆపై అటవీ సిబ్బంది బోను దించుతారు, లేదా నిచ్చెన వాల్చి, జనాన్ని దూరంగా పంపి, రాత్రికి దాని దారిన దానిని పోనిస్తారు. 2020 జనవరిలో జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లాలో బావిలో పడిన ఏనుగు కోసం బావిలోకి నీరు నింపారు. ఏనుగు నీటిపై తేలుతూ పైకి రాగా, ఓ పక్క తవ్విన దారి గుండా బయటపడింది. గ్రామస్థులు చేయవలసింది అటవీ అధికారులకు కబురు పంపడం, మోటారుకు కరెంటు తీసివేయడం, పిల్లలనూ పశువులనూ అవతలకు తరలించడం, జంతువు వెళ్లే వైపు ఖాళీగా ఉంచడం. అరగంట పాటు జనాన్ని నిలువరించగలిగిన పెద్దమనిషి చేసే మేలు, బావిలో దూకిన యువకుని సాహసం కన్నా పెద్దదే.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఏనుగు, చిరుత, ఎలుగుబంటి వంటి వాటిని అనుమతి లేకుండా పట్టడం నేరం. ఆత్మరక్షణ కోసం సద్బుద్ధితో గాయపరిస్తే మాత్రం నేరం కాదు.

బావి యజమాని గోడు

ఏనుగును బయటకు తీసేందుకు గట్టు కూల్చితే రైతుకు బావి పాడవుతుంది. ఒక్కోసారి మోటారు, పైపులూ దక్కవు. పంట పోయిన బాధలో ఉన్నవానికి ఇది అదనపు దెబ్బ. జేసీబీ రాకముందే నష్టపరిహారం మాట తేల్చాలని రైతు పట్టుబడితే అతనిని రాతిగుండె వానిగా చూడరాదు. నష్టాన్ని అక్కడికక్కడే అధికారులు రాసుకుంటే పని త్వరగా సాగుతుంది.

జిల్లాలో బోర్లు వచ్చాక ఎండిపోయి, పిట్టగోడ కూడా లేక, ముళ్లపొదల చాటున నోరు తెరుచుకుని ఉన్న పాత బావులు ఇంకా ఉన్నాయి. రాత్రివేళ మేతకు వచ్చే మందకు అవి కనబడవు. అడవి అంచున ఉన్న వాటిని పూడ్చడమో, గోడ కట్టడమో జరిగితే ఈ ప్రశ్న తలెత్తే సందర్భాలే తగ్గుతాయి.