ఆ చుక్కల్ని ఆపొద్దు!

చలికాలం వచ్చిందంటే తెల్లారకముందే ఇంట్లో మొదట వెలిగేది గీజరు స్విచ్చే. దాని పక్కనున్న చిన్న వాల్వులోంచి నీళ్లు కారుతుంటే విసుక్కుంటాం. నిజానికి ఆ కారే చుక్కలే మనల్ని కాపాడుతున్నాయి!

‘‘చూడు బాబూ... పొద్దున్నుంచీ ఒకటే కారుతోంది. కింద మగ్గు పెడితే నిండిపోతోంది.’’

‘‘దానికేముందమ్మా... బిరడా బిగించేస్తే సరి!’’

అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. నేల పొడిగా ఉంటుంది. ఇల్లాలు సంతోషంగా డబ్బులిచ్చి పంపేస్తుంది. ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా జరిగే ముచ్చటే ఇది. కానీ అలా మూసేసింది పైపు లీకేజీని కాదు... గీజరు ఊపిరి తీసుకునే దారిని. కుక్కర్ విజిల్ గోల చేస్తోందని దాన్ని కదలకుండా కట్టేస్తే ఎంత ప్రమాదమో, ఇదీ అంతే.

గ్లాసున్నర నీళ్ల కథ

నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయని చిన్నప్పుడు చదువుకున్నదే. 25 లీటర్ల గీజరులో నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చేరితే దాదాపు 350 మిల్లీలీటర్లు... అంటే గ్లాసున్నర నీళ్లు అదనంగా తయారైనట్టే. అవి ఎక్కడికి పోవాలి? ట్యాంకు సాగదు. నీళ్లు అణిగి ఉండవు. వేడినీళ్లు వెనక్కి చన్నీళ్ల పైపులోకి పోకుండా చాలా గీజర్లలో ఒకవైపే తెరుచుకునే ఏర్పాటు ఉంటుంది. దాంతో లోపల ఒత్తిడి పెరుగుతుంది. అది హద్దు దాటగానే వాల్వు కాస్త తెరుచుకుని నాలుగు చుక్కల్ని బయటికి వదిలేస్తుంది. ఒత్తిడి తగ్గగానే తనంతట తానే మూసుకుంటుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1679లో ప్రెషర్ కుక్కర్‌కి పూర్వరూపాన్ని తయారుచేసిన ఫ్రెంచి శాస్త్రవేత్త డెనిస్ పాపిన్, అది పేలకుండా భద్రతా వాల్వునూ జోడించాడు. మన వంటింట్లోని కుక్కర్ వెయిటుకీ, స్నానాల గదిలోని గీజరు వాల్వుకీ మూలం అదే.

థర్మోస్టాట్ మొరాయిస్తే...

2 కిలోవాట్ల గీజరు 25 లీటర్ల నీళ్లను 60 డిగ్రీలకు కాచడానికి అరగంట చాలు. ఆ తరవాత థర్మోస్టాట్ కరెంటుని ఆపేస్తుంది. అది పాడైతే ఆపడానికి థర్మల్ కటౌట్ ఉంటుంది. అదీ విఫలమైతే చివరి కాపలాదారు వాల్వే. దానికీ బిరడా కొట్టేస్తే?

ఒత్తిడిలో ఉన్న నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. వేడి, ఒత్తిడి ఒకదానితో ఒకటి పోటీపడి పెరుగుతూనే ఉంటాయి. ఆఖరికి ట్యాంకు చిట్లితే, అప్పటిదాకా నీళ్లలా ఉన్నదాంట్లో కొంత భాగం క్షణంలో ఆవిరైపోతుంది. నీరు ఆవిరిగా మారితే దాని పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. గోడల్ని కూల్చేసేంత బలం అక్కడినుంచే వస్తుంది.

కింది అంతస్తులో ఎక్కువ

గీజరు మీద ఒత్తిడి వేడివల్లే కాదు, పైనున్న ట్యాంకువల్ల కూడా పడుతుంది. ప్రతి 10 మీటర్ల ఎత్తుకీ సుమారు 1 బార్ చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. పదంతస్తుల భవనంలో పైవాళ్ల కుళాయి సన్నగా వస్తుంటే, కిందివాళ్ల ఇంట్లో 3 బార్ల ఒత్తిడితో దూకుతుంది. అందుకే ఎత్తయిన భవనాల్లో ఒత్తిడిని తగ్గించే వాల్వులు పెడతారు. షవర్ జోరుగా రావాలని సొంతింట్లో ప్రెషర్ పంపు బిగించుకున్నా గీజరుపై భారం పెరిగినట్టే. ఎన్ని బార్ల వరకూ తట్టుకోగలదో గీజరు మీది ప్లేటుపైనే రాసి ఉంటుంది. కొనేటప్పుడు లీటర్లతోపాటు దాన్నీ చూడాలి. పంపు బిగించాలనుకున్నప్పుడు మరోసారి చూడాలి.

ఎప్పుడు కారుతోంది?

వాల్వు కారుతుంటే మొదట గమనించాల్సింది సమయాన్ని. గీజరు వేసినప్పుడు మాత్రమే కాసిని చుక్కలు పడి ఆగిపోతుంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. స్విచ్చాపినా, నీళ్లు చల్లారినా ఆగకుండా కారుతుంటే సరఫరాలోనే ఒత్తిడి ఎక్కువై ఉండాలి. లేదంటే వాల్వు పాడై ఉండాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఉప్పు పేరుకుని వాల్వు సరిగ్గా మూసుకోదు. ఒక్కోసారి అసలు తెరుచుకోకుండా బిగుసుకుపోతుంది కూడా. మొదటిది కనిపిస్తుంది, రెండోది కనిపించదు. ప్రమాదం రెండోదాంతోనే.

ఇవి మరవొద్దు

* వాల్వు రంధ్రాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు. నేల తడుస్తోందనుకుంటే దానికి సన్నని గొట్టం తగిలించి, కిందికి వాలుగా కాలువ దగ్గరికి వదలాలి. గొట్టం చివర తెరిచే ఉండాలి.

* థర్మోస్టాట్‌ని 50-60 డిగ్రీల మధ్య ఉంచితే చాలు. పిల్లలూ, పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో ఒళ్లు కాలే ప్రమాదమూ తగ్గుతుంది.

* ఏటా చలికాలానికి ముందు సర్వీసింగ్ చేయించాలి. వాల్వు, థర్మోస్టాట్, లోపలి మెగ్నీషియం కడ్డీని చూడమని అడగాలి. పాడైన వాల్వుని మరమ్మతు చేయించే బదులు మార్చేయడం మేలు.

* కుళాయిలోంచి ఆవిరి చిమ్ముతున్నా, ట్యాంకులోంచి గరగర శబ్దం వస్తున్నా దగ్గరికి వెళ్లొద్దు. తడి చేత్తో స్విచ్చు ముట్టుకోకుండా, బయటున్న ఎంసీబీని ఆపాలి. అందర్నీ అక్కణ్నుంచి పంపేసి, పూర్తిగా చల్లారాకే మెకానిక్‌తో చూపించాలి.

ఈసారి గీజరు కింద నాలుగు చుక్కలు కనిపిస్తే ప్లంబర్‌కి ఫోన్ చేసేముందు ఓ మగ్గు పెట్టండి. ఆ నీళ్లు మొక్కలకు పనికొస్తాయి... ఆ చుక్కలు ఇంటిల్లిపాదికీ పనికొస్తాయి!