కథానాయకుడికి రష్యన్ ఇంటిపేరు

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాల నడుమ మాకు రష్యన్ నవలల తెలుగు అనువాదాలు అలవాటయ్యాయి. ఈ సంచికకు కథ రాద్దామని కూర్చుంటే నాయకుడి ఇంటిపేరు దగ్గరే కలం ఆగింది. అశోక్‌నగర్ గదుల్లో "మీ ఇంటిపేరేంటి?" అని అడిగేవాళ్ళు ఏం తెలుసుకోవాలనుకుంటారో హాస్టల్ మిత్రులకు చెప్పనక్కర్లేదు. అందుకే కథను రష్యాకు తీసుకుపోయాం.

అక్కడా పేరు ఊరికే రాదు. స్త్రీకైతే చివర మారుతుంది: భర్త కరేనిన్, భార్య కరేనినా. 'రస్కోల్' అంటే చీలిక. మనసు రెండుగా చీలినవాడికి దొస్తొయెవ్‌స్కీ రస్కోల్నికోవ్ అని పెట్టాడు. 'అమ్మ' రాసిన పెష్కోవ్ తనకు తానే గోర్కీ అని పెట్టుకున్నాడు. గోర్కీ అంటే చేదు. రైతు బానిసల్లో చాలామందికి 1861లో విముక్తి వచ్చేదాకా అధికారికంగా ఇంటిపేరే లేదట!

వృత్తి పేర్లూ ఉన్నాయి. 'కుజ్నెత్స్' అంటే కమ్మరి. అయినా ఒక కుజ్నెత్సోవ్ సోవియట్ నౌకాదళాన్నే నడిపాడు. పేరు విని ఎవరూ కొలిమి వెతకలేదు.

చెప్పులు కుట్టేవాడు 'సపోజ్నిక్'. మా నాన్నగారి పని అదే; ఇంట్లో మొదటి డిగ్రీ మాది. నాయకుడికి సపోజ్నికోవ్ అని పెట్టాం. నారాయణగూడలో టీ తాగుతూ వినిపిస్తే, "దాచడానికి అంత దూరం పోయి ఇదేనా పెట్టింది?" అని నవ్వాడు మిత్రుడు.

పేరు మార్చలేదు.