గుర్రముల కొలువునకు పోదలచిన బాలుడు



ఆ మధ్య వనపర్తి దాపున నొక గ్రామమున ఒక వృద్ధుడు తన మనుమని నా యెదుట నిలిపి, "వీడు గుర్రముల పనికి పోయెదనని పట్టుపట్టినాడు. పోనీయవచ్చునా?" అని యడిగెను. బాలునకు 16 ఏండ్లు. పెండ్లి ఊరేగింపులకు అద్దెకు వచ్చు గుర్రమునకు దాణా పెట్టి, నీళ్ళు పట్టి, దానిపై మనసు పెంచుకొనెనట. "పదియేండ్లకు నేమి చేయుచుందువు?" అనగా "స్వారి" అనెను. "ఇరువదియేండ్లకు?" అనగా ఊరకుండెను.

ఆ ప్రశ్న మన సీమకు క్రొత్తది కాదు. వనపర్తి రాజగు మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా సంతతి యోధులతో ఆశ్వికదళమును నిలిపెను. 1866లో ఆయన గతించిన పిదప ఆ దళము నిజాము కొలువునకు చేరినది. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు ఆఫ్రికా ఆశ్వికదళము వలననే వచ్చినది. 1948లో నిజాము పాలన ముగిసిన తరువాత ఆ కొలువును ముగిసినది. కొలువు పోయిన నాడు స్వారి మాత్రమే తెలిసినవాడు మరియొక యేలికను వెదకుకొనవలయును. గుర్రమునకు చికిత్స చేయనేర్చినవాడును, లాడము కొట్టనేర్చినవాడును తమ విద్యను వెంట గొనిపోగలరు.

కావున బాలుడు తన గడువులను గుర్రమును చూచియే పెట్టుకొనవలయునని నా యభిప్రాయము. గుర్రపుపిల్ల తల్లి కడుపున 11 నెలలు ఉండును. ముందరి పండ్లన్నియు స్థిరపడుటకు దానికి 5 ఏండ్లు పట్టును. గిట్ట నెలకు సెంటీమీటరునకు కొంచెము తక్కువగా పెరుగును. ముందరికాలి గిట్ట వెండ్రుకల యంచు నుండి నేలవరకు పూర్తిగా క్రొత్తది యగుటకు సుమారొక యేడాది కావలయును. అనగా నేడు మేపులో చేసిన తప్పు గిట్టపై గీతయై నెలల తరబడి కనబడుచునే యుండును. ఒకే గుర్రమును ఏడాది కనిపెట్టి చూడనివాడు తన పని మంచిదో చెడ్డదో ఎట్లెరుగును? ఆరు మొదలు ఎనిమిది వారముల కొకసారి లాడము విప్పి, గిట్ట చెక్కి, మరల కొట్టవలయును. గుర్రము వాంతి చేసికొనలేదు; దాణా ఒక్కసారిగా మార్చినచో కడుపునొప్పి పుట్టి ప్రాణము మీదికి వచ్చును. మన పెద్దలు గుర్రమును కొనునపుడు సుడులు చూతురు. చూడుడు, కాదనను; కాని ముందుగా గిట్టలెత్తి చూడుడు.

మొదటి యేడాది దాణా, పేడ, గిట్ట: ఈ మూటిని చదువనేర్చుటయే గురి. ఆ పిమ్మట త్రోవలు చీలును. హైదరాబాదు మలకుపేటలో పందెములు జరుగుచున్నవి. అచట స్వారి చేయువాడు 50 కిలోలకు కొంచెమటునిటుగా ఉండవలయును. ఎముక పెరిగినచో ఎంత నేర్పరికైనను ఆ తలుపు మూతపడును. అందుచే ఆ త్రోవ పట్టువాడు రెండవ విద్య నొకదానిని మొదటినుండియే చేతబట్టవలయును. సైన్యమున గుర్రములను, కంచరగాడిదలను సాకు రిమౌంటు వెటర్నరీ విభాగమున్నది. దాని శిక్షణాలయము మీరటులో గలదు. రాజేంద్రనగరులో పశువైద్య కళాశాల యున్నది. ఐదున్నర యేండ్ల చదువు. గుర్రపు పిల్ల పుట్టి, పెరిగి, పండ్లు నిండునంత కాలమే.

ఈ మాటలన్నియు విని బాలుడు, "మొదట లాడము నేర్చెదను" అనెను. తాత మాత్రము జీవశాస్త్రముతో ఇంటర్మీడియేటు ముగియువరకు ఊరు కదలనీయననెను. నాకు తాత మాటయే నచ్చినది. సెలవు దినములలో గద్వాలకో, నాగరుకర్నూలుకో పోయి, లాడములు కొట్టువాడు దొరికినచో వాని ప్రక్కన కూర్చుండుటకు మాత్రము ఆయన ఒప్పుకొనెను.