ఇంటిలోనే కోడిపిల్లలను పొదిగించుట

నాటుపెట్ట యొక విడతకు పండ్రెండు మొదలు పదునైదు వరకు గ్రుడ్లు పెట్టి పొదుగునకు వచ్చును. ఇరువదియొక్క దినములు గంపలో కూర్చుండును. పిల్లలు బయటపడిన పిమ్మట రెండు మాసముల వరకు వానిని వెంట ద్రిప్పుకొని మేపును. ఈ కాలమంతయు అది యొక గ్రుడ్డైనను పెట్టదు. కావుననే నాటుపెట్ట సంవత్సరమునకు మూడు నాలుగు విడతలలో 50 లేక 60 గ్రుడ్లకు మించి యియ్యజాలకున్నది. పొదుగుపనిని పెట్టనుండి తప్పించి యొక పెట్టె కప్పగించి, పొదుగునకు వచ్చిన పెట్టను గాలి యాడు తడికెల బోనులో కొన్ని దినములుంచినచో, రెండు మూడు వారములలో అది మరల గ్రుడ్లు పెట్టనారంభించును. గూడూరు ప్రాంతపు పల్లెలలో కోళ్లు చాలవరకు ఇంటి స్త్రీల సొమ్ము. పిల్లల పుస్తకములకును, మందులకును, పండుగ ఖర్చులకును ఒకరిని అడుగనక్కర లేకుండ చేతికి వచ్చు పైకము అదియే. కావున పొదుగుడు పెట్టె విషయము వినోదము గాదు. సంసారమునకు సంబంధించిన విషయము.

అయినను ఒక మాట ముందుగా చెప్పవలసియున్నది. పెట్టె చేయుట సులభము; అందు బుట్టిన పిల్లను నెల దినములు బ్రతికించుట కష్టము. మేము పల్లెలలో చూచుచున్న నష్టములలో ఎక్కువభాగము పెట్టెలో గాక, పెట్టె వెలుపల జరుగుచున్నవి. ఈ రెండు పనులను గూర్చియు వరుసగా వ్రాయుదుము.

పూర్వపు పద్ధతులు

తల్లి లేకుండ గ్రుడ్లు పొదిగించుట క్రొత్త విద్య గాదు. ఈజిప్టు దేశస్థులు ప్రాచీనకాలము నుండియు మట్టియిటుకల పెద్ద పొయ్యిలు గట్టి, వేలకొలది గ్రుడ్లను ఒక్కమారుగా పొదిగించుచుండిరి. అచటి పనివారికి థర్మామీటరు లేదు. గ్రుడ్డును కనురెప్పకు తాకించి వేడిమిని నిర్ణయించెడివారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు రియోమూరు ఈ విద్యను పరిశీలించి, 1749లో గ్రంథము ప్రకటించెను. అమెరికాలోని పెటలూమా గ్రామమున 1879లో లైమన్ బైస్ అనునతడు తయారు చేసిన పెట్టె ఆ గ్రామమునే కోళ్లకు ప్రసిద్ధి గాంచిన పట్టణముగా మార్చెను. వంగదేశపు పల్లెలలో ఊకను వేడిచేసి, దానియందు బాతుగ్రుడ్లను పొదిగించు పద్ధతి యున్నది. మన తెలుగువాడగు బండా వాసుదేవరావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ సంస్థను నెలకొల్పిన పిమ్మట, పొదిగించుట మన దేశమున గొప్ప పరిశ్రమ యయ్యెను. ఆ పరిశ్రమలోని యంత్రమునకును, ఇంటిలో చేసికొను పెట్టెకును సూత్రము ఒక్కటియే: వేడిమి కదలకుండవలెను, తేమ తగినంత యుండవలెను, గాలి యాడవలెను, గ్రుడ్డు దొరలవలెను.

పెట్టె నిర్మాణము

మన తీరమున చేపలను, రొయ్యలను ఐసులో నుంచి పంపు థర్మోకోలు పెట్టెలు చౌకగా దొరకును. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల పెట్టె నలుబది గ్రుడ్లకు చాలును. సబ్బునీటితో కడిగి, నీచువాసన పోవువరకు ఆరబెట్టవలెను. మూతలో చిన్న కిటికీ కోసి గాజుపలకను అమర్చిన యెడల, మాటిమాటికి మూత తెరువనక్కర లేదు. అడుగున రెండు, పైభాగమున రెండు వ్రేలు పట్టునంత రంధ్రములు పెట్టవలెను. లోపల రెండంగుళముల యెత్తున ఇనుపజాలి పరచి, దానిపై గ్రుడ్లుంచవలెను. జాలి క్రింద నీళ్ల పళ్లెముండవలెను.

వేడిమికై 25 వాట్ల తీగెబల్బులు రెండు చాలును. ఒకటి మాడిపోయినను రెండవది కొంత కాపాడును. ఇపుడు ఇండ్లలో వాడు ఎల్.ఇ.డి. బల్బులు వెలుగిచ్చునే గాని పొదుగుటకు చాలినంత వేడి నియ్యవు. ఈ సంగతి తెలియక వానిని బిగించువారు కలరు. బల్బునకును థర్మోకోలునకును నాలుగంగుళములకు తక్కువ యెడముండరాదు. బల్బు చుట్టును జాలి కట్టవలెను. థర్మోకోలు త్వరగా కరగి మండును. నీరును, కరెంటును ఒకే పెట్టెలో నున్నవి గనుక, తీగెలను తెలిసిన పనివానిచేతనే వేయింపవలెను. నిర్ణీతమగు వేడిమి రాగానే బల్బు నార్పి, తగ్గగానే వెలిగించు థర్మోస్టాటు సామానుల యంగళ్లలో దొరకును. పాత కంప్యూటరునుండి తీసిన చిన్న పంకాను లోపల బిగించినచో పెట్టె యంతటను వేడి సమముగా నుండును. పంకా యున్న పెట్టెలో 99.5 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా 37.5 సెంటిగ్రేడు, ఉండవలెను. పంకా లేని పెట్టెలో గ్రుడ్ల పైభాగపు మట్టమున 101 నుండి 102 డిగ్రీల ఫారెన్‌హీటు ఉండవలెను. ఏలయన అట్టి పెట్టెలో పైన వేడి యెక్కువయు, క్రింద తక్కువయు నుండును.

గ్రుడ్లు పెట్టుటకు ముందు వట్టి పెట్టెను ఒక పగలు, ఒక రాత్రి నడిపి చూడవలెను. ఆ దినమంతయు వేడిమి నిలుకడగా నున్నపుడే గ్రుడ్ల మాట తలపెట్టవలెను.

కొలతలను నమ్ముటకు ముందు

రెండు డిగ్రీలు తప్పు చూపు థర్మామీటరు నలుబది గ్రుడ్లను పాడుచేయును. దానిని పరీక్షించుట కష్టము కాదు. జ్వరము చూచు థర్మామీటరును, పెట్టెలోని దానిని ప్రక్క ప్రక్కన గోరువెచ్చని నీటిలో ముంచి, రెండింటిని పోల్చి చూడవలెను. నీట ముంచరాని దానిని పెట్టెలోనే జ్వరపు థర్మామీటరు ప్రక్కన నుంచి చూడవచ్చును. తేడా యున్నచో దానిని కాగితముపై వ్రాసి మూతకు అంటించుకొనవలెను. తేమను చూపు సాధనమునకు మన ఉప్పే పరీక్ష. చిన్న మూతలో ఉప్పు పోసి, ముద్దయగునట్లు కొంచెము నీటితో తడిపి, సాధనముతో గూడ గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి యుంచినచో, అది నూటికి 75 చూపవలెను.

గ్రుడ్ల యెన్నిక

అంగడిలోని ఫారము గ్రుడ్లు పుంజు లేని పెట్టలు పెట్టినవి. అవి యెన్నటికిని పిల్లలు కావు. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చొప్పున నున్న మందలోని గ్రుడ్లనే యేరవలెను. హైదరాబాదు రాజేంద్రనగరమందలి కోళ్ల పరిశోధనాలయమువారి వనరాజ, గ్రామప్రియ జాతులు పెరటికి మంచివే. కాని అవి సంకర జాతులగుటచే, వాని గ్రుడ్లను ఇంటిలో పొదిగించిన యెడల పిల్లలందరికి తల్లిగుణములు రావు. అట్టి పిల్లలను కేంద్రములనుండి కొనుటయే మేలు. మన పెట్టె నాటుకోళ్లకును, అసీలు కోళ్లకును తగినది.

గ్రుడ్డు వారము దినములకు మించి పాతది కారాదు. సన్ననికొన క్రిందికి ఉండునట్లు చల్లని తావున నుంచవలెను. ఫ్రిజ్ పనికిరాదు. గ్రుడ్డును కడుగరాదు, కడిగినచో పెంకుపై నుండు సహజమగు పొర పోయి, సూక్ష్మజీవులు లోన ప్రవేశించును. మురికియైనవి, పగుళ్లు గలవి, మిక్కిలి పెద్దవి, చిన్నవి విడిచిపెట్టవలెను.

ఇరువదియొక్క దినములు

ప్రతి గ్రుడ్డునకు ఒక ప్రక్క గుణకారపు గుర్తు, రెండవ ప్రక్క సున్న పెన్సిలుతో వ్రాసి, పదునెనిమిదవ దినము వరకు దినమునకు మూడుమారులు గాని అయిదుమారులు గాని త్రిప్పవలెను. బేసిసంఖ్య యేలయనగా, రాత్రి దీర్ఘకాలము గ్రుడ్డు కదలక యుండును. బేసిమారులు త్రిప్పినపుడు ఒక రాత్రి ఒక ప్రక్క, మరునాటి రాత్రి రెండవ ప్రక్క పైకి వచ్చును. త్రిప్పనిచో పిండము పొరకు అంటుకొని చచ్చును.

ఏడవ దినమున చీకటిగదిలో గ్రుడ్డు వెనుక టార్చి పెట్టి చూచినచో, సాలెగూటివలె ఎఱ్ఱని నరములు కనబడవలెను. తేటగా నున్నది పొదుగని గ్రుడ్డు. రక్తపు ఉంగరము వలె కనబడునది చచ్చినది. ఈ రెండు విధముల గ్రుడ్లను తీసివేయవలెను. లేనిచో అవి క్రుళ్లి తక్కినవానిని చెరచును.

తేమ విషయమున తీరవాసులు పొరబడుట కలదు. వెలుపల గాలి చెమ్మగా నున్నది గనుక పెట్టెలో నీరు వలదని తలంతురు. గాలి వేడెక్కినకొలది దాని తేమ పాలు తగ్గును. వెలుపల నూటికి 85 పాళ్లున్న చల్లని గాలి, పెట్టెలో కాగిన పిమ్మట సగమునకు తక్కువయై పోవును. మొదటి పదునెనిమిది దినములు 50 నుండి 55 వరకును, చివరి మూడు దినములు 65 నుండి 70 వరకును తేమ యుండుట మంచిది. నీటిలోతు గాక, నీటి వెడల్పే తేమను పెంచును. అన్నింటికంటె నమ్మదగిన సాక్షి తక్కెడ. పదునెనిమిది దినములలో గ్రుడ్డు తన బరువులో నూటికి సుమారు 12 వంతులు కోల్పోవలెను. 45 గ్రాముల గ్రుడ్డు సుమారు 40 గ్రాములకు రావలెను. అంతకంటె తక్కువ తగ్గినచో తేమ యెక్కువయైనదనియు, ఎక్కువ తగ్గినచో తేమ చాలలేదనియు గ్రహింపవలెను.

పదునెనిమిదవ దినమున త్రిప్పుట మాని, పళ్లెమును పెంచి, మూత మూయవలెను. ఇరువదవ దినమున పెంకు చిట్లును. ఆ సమయమున పిల్లకు సాయము చేయవలెనను కోరిక ప్రతి యింటిలోను పుట్టును, అది చేయరాదు. అప్పటికి పిల్ల ఊపిరితిత్తులతో గాలి పీల్చుచు, పొరలోని రక్తమును తనలోనికి తీసికొనుచు, మిగిలిన పచ్చసొనను కడుపులోనికి ముడుచుకొనుచుండును. ఈ పని ముగియకముందే పెంకు ఒలిచినచో నరములు తెగి రక్తము కారును. మూత తెరచినచో తేమ పోయి, పొర యెండి పిల్లకు బిగిసికొనును. బయటపడిన పిల్ల యొడలు ఆరువరకు పెట్టెలోనే యుండవచ్చును. కడుపులోని పచ్చసొన రెండు దినములకు ఆహారము.

కాలమును, కరెంటును

మన ప్రాంతమున మే నెలలో గదిలోని వేడిమియే పెట్టె వేడిమిని మించును. థర్మోస్టాటు బల్బును ఆర్పగలదు గాని గదిని చల్లార్పలేదు. గ్రుడ్డు చల్లదనమును కొన్ని గంటలు సహించును. అధికమగు వేడిని సహింపదు. ఈశాన్యపు వానలు తగ్గిన పిమ్మట డిసెంబరు చివరనుండి ఫిబ్రవరి వరకు మన పెట్టెలకు తగిన కాలము.

వానలలో కరెంటు భయమున్నది. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల సమీపమున తీరము దాటిన మిచాంగ్ తుపాను వంటిది వచ్చినపుడు, గంటలకొలది కరెంటు లేకపోవుట సహజము. అట్టి సమయమున పెట్టెపై దుప్పటి కప్పి, వేడినీటి సీసాలను గ్రుడ్లకు తగులకుండ లోపల నుంచవలెను. అయినను ఒక రంధ్రము తెరచియే యుండవలెను. పెరిగిన పిండమునకు గాలి యవసరము. ఇంటిలో పొదుగునకు వచ్చిన పెట్ట యున్నచో అదే మంచి సహాయము. గ్రుడ్లలో కొన్నింటిని రాత్రివేళ దానిక్రిందికి మార్చవచ్చును.

పిల్లలు బయటపడిన పిమ్మట

ఇచటనుండియే అసలు పరీక్ష. తల్లి లేని పిల్లకు మొదటి వారము 95 డిగ్రీల ఫారెన్‌హీటు వేడి కావలెను. పిమ్మట వారమునకు అయిదు డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును. అట్టతో గుండ్రముగా గోడ కట్టి, ఊక పరచి, బల్బు వ్రేలాడదీయవలెను. పిల్లలు బల్బు క్రింద గుంపుగూడినచో చలి. దూరముగా పోయి నోరు తెరచినచో వేడి. అంతటను చెదరి మేయుచున్నచో సరియైన స్థితి. ముందు నీరు, పిదప మేత. నూకలు మాత్రమే చాలవు. మొదటి నెలలో పిల్లలమేత కొని పెట్టుట నష్టము కాదు. పిల్లి, ముంగిస, కాకి చొరకుండ పైన జాలి తప్పదు.

కొక్కెర తెగులు నాటుపిల్లలకు ముఖ్య శత్రువు. మన దేశమున హిమాలయ ప్రాంతమందలి రాణీఖేతులో మొదట గుర్తింపబడినందున దానికి రాణీఖేతు తెగులను పేరు వచ్చినది. అయిదవ దినమునకు, ఏడవ దినమునకు నడుమ లసోటా టీకా చుక్క కంటిలో వేయవలెను. తక్కిన టీకాల వరుసను పశువైద్యశాలలో తెలిసికొనవలెను. సాధారణముగా టీకాసీసా నూరు కోళ్లకు తగ్గకుండ వచ్చును. కలిపిన మందు కొన్ని గంటలలోనే వాడవలెను, దాచరాదు. ఇరువది అయిదు పిల్లలున్న ఇల్లాలు ఒంటరిగా సీసా కొన్నచో ముప్పాతిక భాగము పారబోయవలెను. అందువలన ఆమె కొనదు. కొననందున పిల్లలు చచ్చును. చచ్చినందున పెట్టె అటకెక్కును. పల్లెలలో మేము చూచిన పెట్టెలు చాలవరకు ఈ దారినే అటకెక్కినవి. పెట్టె దోషము ఇసుమంతయు లేదు.

దీనికి మందు మన సంఘములోనే యున్నది. ఒక పల్లెలో నాలుగైదు ఇండ్లవారు ఒకే దినమున గ్రుడ్లు పెట్టినచో, ఒకే దినమున పిల్లలు వచ్చును. ఒక్క సీసా అందరికి సరిపోవును. మేతబస్తా పంచుకొనవచ్చును. పిల్లలు తక్కువ వచ్చిన యింటికి ఎక్కువ వచ్చిన యింటివారు కొన్ని ఇయ్యవచ్చును.

ఇంకొక జాగ్రత్త. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో పక్షిజ్వరము బయటపడినది. అట్టి వార్త విన్నపుడు వెలుపలి గ్రుడ్లను, కోళ్లను ఇంటికి తేరాదు. చచ్చిన కోళ్లను చేతితో ముట్టక, పశువైద్యునికి వెంటనే తెలియజేయవలెను.

మొదటి పర్యాయము సగము గ్రుడ్లు పొదిగినను నిరాశ చెందవలదు. ప్రతిదినము వేడిమి, తేమ, త్రిప్పిన వేళలు ఒక నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. రెండవ పర్యాయమున ఆ పుస్తకమే దారి చూపును. ఈ కాలమునకు పెట్టె చేయదలచినవారు మొదట గ్రుడ్లు ఏరవలదు. ఇరుగుపొరుగున మరి ముగ్గురిని కూర్చుకొని, తేదీ నిర్ణయించి, ఏడవనాటి టీకాకు పశువైద్యశాలలో మాట చెప్పుకొని, పిమ్మట బల్బు వెలిగింపవలెను.